విదేశాలలో శాకాహార భోజనశాలలు

విదేశాలలో శాకాహార భోజనశాలలు అనగా భారతదేశం వెలుపల నివసించే శాకాహారులకు నీచు తగలని భోజనం దొరికే హోటళ్ళు, ఫలహారశాలలు, గుడి వంటశాలలు, ఇంటి మెస్సులు. వీటిలో కొన్ని కేవలం శాకాహారమే వడ్డిస్తాయి. మరికొన్ని మాంసాహారంతో పాటు శాకాహారాన్ని కూడా వండి పెడతాయి. చదువు నిమిత్తం గాని, ఉద్యోగం నిమిత్తం గాని దేశం విడిచి వెళ్ళిన తెలుగు శాకాహారికి బస కుదిరిన వెంటనే ఎదురయ్యే సమస్య ఇటువంటి చోటును వెదకడమే.

కూరగాయలు, పప్పులు, బియ్యం దొరకని దేశం నేడు దాదాపు లేదు. చిక్కంతా రెండు విషయాల వలన వస్తున్నది. కూరగాయలతో పాటు కంటికి కనబడకుండా కలిసే జంతు సంబంధమైన పదార్థాలు మొదటిది. "శాకాహారం" అన్న మాటకు ఒక్కొక్క దేశంలో ఒక్కొక్క అర్థం ఉండడం రెండవది. అందుచేత మంచి హోటలు పేరు తెలిసి ఉండడం కంటె, ఏ హోటలులోనైనా ఏమి అడగాలో తెలిసి ఉండడం ఎక్కువ అవసరం.

నిర్వచనంలో భేదాలు

తెలుగునాట శాకాహారి అన్నప్పుడు పాలు, పెరుగు, నెయ్యి తీసుకొనేవాడని, మాంసం, చేపలు, గుడ్డు ముట్టనివాడని అర్థం. ఐరోపా, అమెరికా దేశాలలో వెజిటేరియన్ అన్న మాటలో గుడ్డు కూడా చేరి ఉంటుంది. 1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, అతని మిత్రులు వీగన్ సొసైటీని స్థాపించారు. వీరి పద్ధతిలో గుడ్డుతో పాటు పాలు, వెన్న, తేనె కూడా నిషిద్ధాలే. ఈ విధంగా తెలుగు శాకాహారి రెండు నిర్వచనాలకు నడుమ నిలబడతాడు. వెజిటేరియన్ అని అడిగితే గుడ్డు రావచ్చు, వీగన్ అని అడిగితే పెరుగు పోతుంది. రెంటిలో రెండవదే క్షేమకరమైన మార్గం. పెరుగు ఇంటికి వెళ్ళి తినవచ్చును.

చేప విషయంలో తేడా ఇంకా పెద్దది. స్పానిష్ భాషలో "కార్నె" అన్న మాట సాధారణంగా పశుమాంసానికే వర్తిస్తుంది. కార్నె వద్దని చెప్పినవారికి చేప గాని, కోడి గాని, పంది మాంసపు ముక్కలు గాని కలిపిన పళ్ళెం రావడం అరుదు కాదు. జపాను భాషలో "నికు" అన్న మాట కూడా ఇటువంటిదే. అందులో చేప చేరదు. వడ్డించినవాడు మోసం చేశాడని అనుకోరాదు. అతని భాష ప్రకారం అతడు అడిగినదే తెచ్చాడు.

ఈ చిక్కును మహాత్మా గాంధీ తన ఆత్మకథలో వివరంగా వ్రాశాడు. న్యాయశాస్త్రం చదువుటకు 1888లో లండను చేరిన గాంధీ మద్య మాంసాలు ముట్టనని తల్లికి ప్రమాణం చేసి వెళ్ళాడు. అక్కడ మాంసానికి మూడు నిర్వచనాలు ఉన్నట్లు తెలుసుకొన్నాడు. మొదటి దాని ప్రకారం పశుపక్ష్యాదుల మాంసమే మాంసం, చేపలు, గుడ్లు తినవచ్చు. రెండవ దాని ప్రకారం ప్రాణులన్నిటి మాంసమూ వర్జ్యం, గుడ్లు తినవచ్చు. మూడవ దానిలో గుడ్లు, పాలు కూడా వర్జ్యాలే. మొదటి రెండూ సౌకర్యంగానే ఉన్నప్పటికీ, ప్రమాణం చేయించిన తల్లి ఏ అర్థంలో చేయించిందో ఆ అర్థమే తనకు చెల్లుతుందని గాంధీ నిర్ణయించుకొని గుడ్డును విడిచిపెట్టాడు. దీని ఫలితంగా శాకాహార హోటళ్ళలో సైతం ప్రతి తీపి పదార్థంలోనూ గుడ్డు ఉన్నదా అని విచారించవలసి వచ్చింది. నేటి విద్యార్థి కేకుల దుకాణంలో వేసే ప్రశ్న కూడా ఇదే.

చరిత్ర

పాశ్చాత్య దేశాలలో శాకాహారం ఒక ఉద్యమంగా రూపొందినది 19వ శతాబ్దంలో. 1847లో ఇంగ్లండులోని రామ్స్‌గేట్‌లో వెజిటేరియన్ సొసైటీ ఏర్పడింది. శతాబ్దం చివరికి లండనులో పలు శాకాహార హోటళ్ళు నడుస్తుండేవి. గాంధీ మొదట బస చేసిన చోట్ల ఓట్సు జావ, రొట్టె, ఉడికించిన కూరలతో అర్ధాకలిగా గడిపి, రోజుకు పది పన్నెండు మైళ్ళు నడిచి వెదకగా ఫారింగ్డన్ వీధిలో ఒక శాకాహార హోటలు కనబడింది. అక్కడే హెన్రీ సాల్ట్ శాకాహారంపై వ్రాసిన పుస్తకాన్ని ఒక షిల్లింగుకు కొన్నాడు. తరువాత లండన్ వెజిటేరియన్ సొసైటీ కార్యవర్గంలో సభ్యుడయ్యాడు. ప్రజాజీవితంలో ఆయన తొలి పాఠాలు ఒక భోజన సంఘంలో నేర్చినవే.

స్విట్జర్లాండులోని జ్యూరిక్ నగరంలో 1898లో ప్రారంభమైన శాకాహార భోజనశాల తరువాత హిల్ట్ల్ కుటుంబం చేతికి వచ్చి నేటికీ నడుస్తున్నది. ప్రపంచంలో నిరంతరాయంగా నడుస్తున్న శాకాహార హోటళ్ళలో ఇది అత్యంత పురాతనమైనదిగా గిన్నిస్ గ్రంథంలో చోటు పొందింది. ఆ కుటుంబంలోని మార్గ్రిత్ హిల్ట్ల్ 1950లలో భారతదేశానికి వచ్చి వెళ్ళిన పిమ్మట అక్కడి వంటకాలలో భారతీయ వంటకాలు కూడా చేరాయి.

అనుకూలమైన భోజనం దొరకకపోతే ఎంత కష్టమో గణిత శాస్త్రవేత్త శ్రీనివాస రామానుజన్ జీవితం తెలుపుతుంది. 1914లో కేంబ్రిడ్జి ట్రినిటీ కళాశాలకు వెళ్ళిన రామానుజన్ కళాశాల భోజనశాలలో తినక తన గదిలోనే వండుకొనేవాడు. అదే సంవత్సరం మొదలైన ప్రపంచయుద్ధం వలన కావలసిన సరుకులు దొరకడం కష్టమైంది. 1917లో జబ్బుపడి, వైద్యశాలల భోజనంతో అవస్థపడి, 1919లో తిరిగివచ్చి, 1920 ఏప్రిల్ 26న మరణించాడు. ఆహార లోపమే మరణానికి కారణమని తీర్మానించడం సరికాదు. డి.ఎ.బి.యంగ్ 1994లో ఆ లక్షణాలను పరిశీలించి, కాలేయానికి సోకిన అమీబియాసిస్ కారణం కావచ్చునని అభిప్రాయపడ్డాడు. ఏది ఏమైనా, నడుచుకొని వెళ్ళి తినగలిగిన ఒక భోజనశాల ఉండి ఉంటే ఆయన ఒంటరితనమైనా కొంత తగ్గి ఉండేది.

లండనులో 1926లో ఎడ్వర్డ్ పామర్ నెలకొల్పిన "వీరాస్వామి" హోటలు పేరు విని తెలుగువారు శాకాహార హోటలని భ్రమపడవచ్చు. పామర్ హైదరాబాదులో వ్యాపారం చేసిన విలియం పామర్ వంశీయుడు. ఆ హోటలు మాంసాహార వంటకాలకే ప్రసిద్ధి చెందింది.

తెలుగువారి వలసలు, భోజనం

తెలుగు రాష్ట్రాలలో శాకాహారులు చాలా స్వల్ప సంఖ్యాకులు. భారత ప్రభుత్వం 2014లో జరిపిన నమూనా నమోదు సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో పదిహేను ఏళ్ళు పైబడినవారిలో దాదాపు 98 శాతం మాంసాహారులే. అయితే ఈ లెక్క ఒక విషయాన్ని దాచిపెడుతుంది. కార్తీక మాసంలో, శనివారాలలో, అయ్యప్ప దీక్ష 41 రోజులలో నీచు మానివేసే కుటుంబాలు తెలుగునాట లెక్కకు మించి ఉన్నాయి. గల్ఫ్ దేశంలో మాల వేసుకొన్న కార్మికునికి ఆ 41 రోజులు పుట్టు శాకాహారికి ఉన్న ఇబ్బందే ఉంటుంది. పైగా అలవాటు లేనందున ఎక్కువగా ఉంటుంది.

19వ శతాబ్దంలో, 20వ శతాబ్దం తొలి భాగంలో ఉత్తరాంధ్ర తీరం నుండి బర్మా, మలయా, మారిషస్, దక్షిణాఫ్రికాలోని నేటాల్ ప్రాంతాలకు కూలీలుగా వెళ్ళినవారిలో అధికులు మాంసాహారులు. రంగూనులో వీరిని కోరంగీలని పిలిచేవారు. వీరికి శాకాహార హోటళ్ళ అవసరం అంతగా లేదు. అయినా వ్రతాలు, నోములు విడిచిపెట్టలేదు. డర్బను ప్రాంతపు తమిళ, తెలుగు కుటుంబాలలో పురట్టాసి మాసమంతా నీచు మానడం నేటికీ ఉన్నది. రొట్టెను తొలిచి కూర నింపి ఇచ్చే "బన్నీ చౌ" అక్కడి ప్రసిద్ధ వంటకం. దానిని చిక్కుడు గింజలతో చేసినది శాకాహారులకు పనికివస్తుంది.

ఊరు కాని ఊరిలో డబ్బు ఇచ్చి ఇంటి భోజనం తినే పద్ధతి ఉత్తరాంధ్రకు కొత్త కాదు. ప్రయాణికులకు, పరవూరి విద్యార్థులకు పూటకింత అని తీసుకొని భోజనం పెట్టే ఇంటిని పూటకూళ్ళ ఇల్లు అనేవారు. విజయనగరానికి చెందిన గురజాడ అప్పారావు "కన్యాశుల్కం" నాటకంలో పూటకూళ్ళమ్మ ఒక ముఖ్య పాత్ర. నేడు అమెరికాలోను, ఇంగ్లండులోను తెలుగు గృహిణులు వారానికి ఇంత అని తీసుకొని కూర, పప్పు, పులుసు డబ్బాలలో కట్టి ఇచ్చే పద్ధతి పూటకూళ్ళ ఇంటికి కొనసాగింపే. విజయనగరం, కొత్తవలస వంటి పట్టణాల నుండి వెళ్ళిన విద్యార్థులకు మొదటి సంవత్సరం ఆధారం హోటలు కంటె ఇటువంటి డబ్బాయే. ఇటువంటి ఇళ్ళకు బోర్డు ఉండదు, తెలిసినవారి ద్వారానే తెలుస్తాయి. కొన్ని దేశాలలో ఇంట వండి అమ్మడానికి అనుమతి పత్రం తీసుకొనవలసి ఉంటుంది.

బోర్డు గల శాకాహార హోటళ్ళు మాత్రం విదేశాలలో ఎక్కువగా కన్నడ, తమిళ, గుజరాతీ వారివి. మద్రాసులో 1938లో కె.కృష్ణారావు స్థాపించిన వుడ్‌లాండ్స్ ద్వారా ఉడుపి భోజనానికి నగరాలలో గౌరవం పెరిగింది. సింగపూరులో సెరంగూన్ రోడ్డులోని కోమల విలాస్ 1947 నుండి ఉన్నది. చెన్నైలో 1981లో మొదలైన శరవణ భవన్ 2000లో దుబాయిలో తొలి విదేశీ శాఖ తెరిచింది. "ఆంధ్ర" అని, "హైదరాబాదు" అని పేరు పెట్టుకొన్న హోటళ్ళు చాలావరకు బిర్యానీ హోటళ్ళు. గోంగూర పచ్చడి, ముద్దపప్పు కోసం వెళ్ళిన తెలుగు శాకాహారి చివరకు తమిళుల సాంబారుతో సరిపెట్టుకొని రావడం పరిపాటి.

గుడి వంటశాలలు

అమెరికాలో 1965 నాటి వలస చట్టం తరువాత భారతీయ వైద్యులు, ఇంజనీర్లు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డారు. వారు కట్టుకొన్న దేవాలయాలు శాకాహారులకు భోజనశాలలు కూడా అయ్యాయి. న్యూయార్కులోని ఫ్లషింగ్ గణేశ దేవాలయం, పిట్స్‌బర్గు సమీపాన పెన్‌హిల్స్‌లోని వేంకటేశ్వర దేవాలయం రెండూ 1977లో ప్రతిష్ఠ జరుపుకొన్నాయి. ఫ్లషింగ్ గుడి నేలమాళిగలోని క్యాంటీను దోసెలకు భక్తులు కానివారు కూడా వస్తారు. పిట్స్‌బర్గు గుడిలో పులిహోర, దధ్యోదనం తినడానికే గంటల కొద్దీ కారు ప్రయాణం చేసి వచ్చే కుటుంబాలు ఉండేవి. న్యూజెర్సీలోని బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వర దేవాలయంలో కూడా క్యాంటీను ఉన్నది. గుడి వంటశాలలో గుడ్డు ఉన్నదా, చేప పులుసు కలిసిందా అని అడగనవసరం లేదు. ఈ నిశ్చింత మరే హోటలులోనూ దొరకదు.

సిక్కు గురుద్వారాలలోని లంగరు ఏ మతంవారికైనా ఉచితంగా శాకాహార భోజనం పెడుతుంది. 1966లో న్యూయార్కులో స్థాపితమైన ఇస్కాన్ సంస్థ పలు దేశాలలో "గోవిందాస్" పేరుతో భోజనశాలలు నడుపుతున్నది. వీటిలో ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు.

కనబడని నీచు

పాశ్చాత్య వంటలో కూరగాయల సూపునకు కోడి ఎముకలు మరిగించిన నీరు పోయడం సాధారణం. మెక్సికో పద్ధతి చిక్కుడు ముద్దలో పంది కొవ్వు, వూస్టర్‌షైర్ సాసులో ఆంకోవీ అనే చేప, మెత్తని రంగు మిఠాయిలలో పశువుల ఎముకలు, చర్మం నుండి తీసిన జెలటిన్ ఉంటాయి. ఇటలీవారి పార్మిజానో రెజ్జానో జున్ను తయారీ నియమాల ప్రకారం దూడ కడుపు నుండి తీసిన రెన్నెట్ తప్పక వాడాలి. అందుచేత ఆ జున్ను చల్లిన పాస్తా శాకాహారం కాదు.

వీటిలో ఎక్కువగా చర్చకు వచ్చినది బంగాళాదుంప వేపుడు. మెక్‌డొనాల్డ్స్ సంస్థ 1990లో అమెరికాలో పశువుల కొవ్వును విడిచి కూరగాయల నూనెలో వేయిస్తున్నట్లు ప్రకటించింది. అయితే రుచి కోసం కలిపే పదార్థంలో గోమాంస సారం కొనసాగింది. ఈ సంగతి తెలియక అనేకమంది హిందువులు, శాకాహారులు ఏళ్ళ తరబడి వాటిని తిన్నారు. 2001లో సియాటిల్ న్యాయవాది హరీష్ భారతి దావా వేశాడు. 2002లో సంస్థ క్షమాపణ చెప్పి, హిందూ, శాకాహార తదితర సంస్థలకు కోటి డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకొన్నది. భారతదేశంలోని శాఖలలో ఆ పదార్థం వాడలేదని సంస్థ తెలియజేసింది. ఒకే పేరు గల హోటలు ఒక దేశంలో తినదగినదైతే మరొక దేశంలో కూడా తినదగినదే అనుకోరాదని ఈ ఉదంతం వలన తెలుస్తున్నది. బెల్జియంలో సంప్రదాయ పద్ధతిలో ఈ వేపుడును నేటికీ పశువుల కొవ్వులోనే వేయిస్తారు.

వివిధ ప్రాంతాలు

బ్రిటనులో శాకాహారికి ఇబ్బంది తక్కువ. తూర్పు ఆఫ్రికా నుండి, ముఖ్యంగా 1972లో ఉగాండా నుండి వెడలగొట్టబడిన గుజరాతీలు లెస్టర్ నగరంలోని బెల్‌గ్రేవ్ రోడ్డు, లండనులోని వెంబ్లీ ప్రాంతాలలో శాకాహార ఫలహారశాలలు పెట్టారు. యూస్టన్ స్టేషను పక్కనున్న డ్రమ్మండ్ వీధి 1970ల నుండి భేల్‌పూరీకి, దక్షిణ భారత దోసెలకు పేరు పొందింది. న్యూయార్కులోని లెక్సింగ్టన్ అవెన్యూలో దక్షిణ భారత శాకాహార హోటళ్ళు కొన్ని యూదుల కోషర్ ధ్రువపత్రం కూడా తీసుకొన్నాయి. యూదులు పాలను, మాంసాన్ని ఒకే వంటశాలలో కలపరు. ఈ కారణంగా పాల వంటకాల కోషర్ హోటలులో మాంసం ఉండదు, కాని చేప ఉంటుంది.

జపాను అన్నిటికంటె కఠినమైనది. అక్కడి సూపులు, పులుసులు, నూడిల్సు చాలావరకు "దాషి" అనే రసంతో చేస్తారు. దానికి మూలం ఎండబెట్టిన బొనిటో చేప. కూరగాయల నూడిల్సులో కూడా అదే రసం. అయితే బౌద్ధ మఠాలలో "షోజిన్ ర్యోరి" అనే ప్రాచీన శాకాహార పాకం ఉన్నది, అందులో దాషిని సముద్రపు నాచు, పుట్టగొడుగులతో కాస్తారు. ఖరీదు ఎక్కువ గనుక నిత్యభోజనానికి పనికిరాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపానుకు పంపడానికి 1960లలో కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం నిర్మించారు. ఆ ఖనిజం దశాబ్దాలుగా కొత్తవలస మీదుగా ఆ దేశానికి వెళ్ళింది. ఇప్పుడు అదే దేశానికి తెలుగు ఇంజనీర్లు బియ్యం కుక్కరు, ఆవకాయ సీసాతో వెళుతున్నారు. టోక్యోలో భారతీయులు ఎక్కువగా నివసించే నిషికసాయ్ ప్రాంతం వారికి ఆశ్రయం.

తైవాను ఇందుకు పూర్తిగా భిన్నం. బౌద్ధుల శాకాహార హోటళ్ళు వీధివీధినా ఉంటాయి. బోర్డు మీద స్వస్తిక గుర్తు ఉంటే శాకాహారమని గ్రహించవచ్చు. 2009 నుండి అక్కడ పొట్లాల మీద శాకాహారాన్ని ఐదు తరగతులుగా చూపాలి: శుద్ధ శాకాహారం, పాలతో, గుడ్డుతో, పాలు గుడ్డు రెంటితో, ఉల్లి వెల్లుల్లి వంటి వాటితో. ఇంత సూక్ష్మమైన విభజన భారతదేశంలో కూడా లేదు. చైనా భాషలో శాకాహారాన్ని "సు" అంటారు. థాయిలాండులో "జే" అన్న అక్షరం గల పసుపు ఎరుపు జెండా కట్టిన అంగడిలో గుడ్డు, పాలు, చేప సాసు, ఉల్లి, వెల్లుల్లి ఏవీ వాడరు. "మంగ్సవిరత్" అన్నచోట గుడ్డు ఉండవచ్చు. వియత్నాములో "చాయ్" అంటారు, చాంద్రమాసపు మొదటి, పదిహేనవ రోజులలో ఇవి కిటకిటలాడుతాయి. మలేషియాలో మాత్రం కూరలలో "బెలచాన్" అనే రొయ్యల ముద్ద కలుస్తుంది గనుక తప్పక అడగాలి.

ఇథియోపియా వంటకాల గురించి తెలుగువారికి తెలిసినది తక్కువ. అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాలలోను, ఈస్టరు ముందరి దీర్ఘ ఉపవాసంలోను మాంసం, గుడ్డు, పాలు ముట్టరు. ఆ రోజుల కోసం చేసే పప్పు, కూరగాయల పళ్ళేన్ని పుల్లని దోసె వంటి ఇంజెరా మీద వడ్డిస్తారు. అమెరికాలో వాషింగ్టన్ నగర పరిసరాలలో ఇథియోపియా హోటళ్ళు చాలా ఉన్నాయి. కారం తినే తెలుగు నాలుకకు ఇంతకు దగ్గరి విదేశీ శాకాహారం మరొకటి కనబడదు. ఉపవాస వంటకం కావాలని అడిగితే చాలు. గ్రీసు దేశపు ఉపవాస వంటకాలు ఇటువంటివి కావు. వాటిలో రొయ్యలు, ఆక్టోపస్ వంటివి అనుమతమే.

గుర్తులు, విమాన భోజనం

భారతదేశంలో 2001 నుండి పొట్లాల మీద శాకాహారానికి ఆకుపచ్చ చుక్క తప్పనిసరి అయింది. మాంసాహారానికి ఉన్న గోధుమరంగు చుక్కను తరువాత త్రికోణంగా మార్చారు. ఈ చుక్కకు అలవాటు పడిన కన్ను విదేశాలలో దానికోసమే వెదుకుతుంది. అక్కడ శాకాహార గుర్తులు ఎక్కువగా స్వచ్ఛందమైనవి. ఐరోపా సమాఖ్యలో 2014 డిసెంబరు నుండి హోటళ్ళు కూడా 14 రకాల అలర్జీ కారకాల వివరం తెలపాలి. గుడ్డు, చేప, రొయ్య జాతి, నత్త జాతి వాటిలో ఉన్నాయి. ఈ పట్టిక శాకాహారికి మంచి సాధనం. కాని కోడి, పశు మాంసాల రసం, కొవ్వు, జెలటిన్ ఆ పట్టికలోకి రావు.

విమానంలో భోజనానికి ముందుగా చెప్పుకొనే సంకేతాలలో ఒక ఉచ్చు ఉన్నది. "హిందూ భోజనం" అనగా హెచ్‌ఎన్‌ఎంఎల్ శాకాహారం కాదు. గోమాంసం లేని మాంసాహారం. భారతీయ శాకాహారం కావలసినవారు ఏవీఎంఎల్ అని కోరాలి. వీజేఎంఎల్ జైన భోజనం, వీజీఎంఎల్ వీగన్ భోజనం. వీఎల్‌ఎంఎల్‌లో పాలతో పాటు గుడ్డు ఉండవచ్చు.

వెదకే విధానం

1999లో ప్రారంభమైన హ్యాపీ కౌ వంటి జాబితాలలో ప్రపంచమంతటా గల శాకాహార, వీగన్ భోజనశాలల వివరాలు దొరుకుతాయి. హోటళ్ళు తరచు మూతపడుతుంటాయి గనుక బయలుదేరే ముందు ఫోను చేయడం మంచిది. హోటలులో "ఇది వెజిటేరియనా?" అని అడిగితే చాలాచోట్ల మర్యాదకోసం అవుననే అంటారు. పదార్థాల పేర్లతో అడగాలి: రసం దేనితో కాచారు, ఏ నూనెలో వేయించారు, చేప సాసు కలిపారా, గుడ్డు ఉన్నదా. ఈ నాలుగు ప్రశ్నలను స్థానిక భాషలో కాగితం మీద వ్రాయించుకొని వంటవాని వద్దకు పంపితే వడ్డించేవానికి తెలియని సంగతి కూడా తేలుతుంది. ఒకే పెనం మీద, ఒకే నూనెలో మాంసం కూడా వేయిస్తున్నారా అన్నది ఐదవ ప్రశ్న. దీనికి ఎంత పట్టింపు ఉండాలన్నది ఎవరి ఆచారాన్ని బట్టి వారు నిర్ణయించుకొనవలసినదే. హోటలు తీరిక లేకుండా ఉన్న వేళ ఈ ప్రశ్నలకు సరైన సమాధానం రాదు. భోజన వేళకు ఒక గంట ముందు వెళ్ళి అడిగినవారికి వంటవాడే బయటకు వచ్చి చెప్పడం కద్దు.